చలిగది భాగ్యమ్మ

గుడ్డను మూడోసారి పిండి, అరచేతి మీద అదిమి, చర్మానికి తడి అంటలేదని తేలాకగాని భాగ్యమ్మ చలిగది తలుపు తియ్యదు. చెప్పులు మెట్ల దగ్గరే విడిచింది. చీర కుచ్చిళ్ళు పైకి దోపింది. తలుపు పక్కన మేకుకు వేలాడే పాత మగవాళ్ళ స్వెట్టరు తొడుక్కుని, ఊడిపోగా మిగిలిన ఒక్క గుండీ పెట్టుకుని, భుజంతో తలుపు తోసింది.

చలి ముందు ముక్కుకు తగులుతుంది, తరవాత పళ్ళకు. తొమ్మిదేళ్ళుగా ఆ వరస మారలేదు. దసరా వెళ్ళినా బందరులో ఉక్క తగ్గలేదు. చిలకలపూడి సందులోని ఈ మేడ మీద, పదడుగుల గదిలో మాత్రం రెండు ఏసీలు వంతులేసుకుని పగలూ రాత్రీ చల్లగాలి పోస్తూనే ఉంటాయి. గది నడుమ నిలువెత్తు నల్ల బీరువా, దాని తలుపుల నిండా చిల్లులు. లోపల అరలు, అరల్లో సర్వర్లు, వాటి ముఖాన వరసగా డిస్కులు. దేశంలో ఏ మూలనున్న ఆడమనిషైనా ఫోనులో వేలు పెట్టి ఈ కంపెనీ కవరింగు నగ ఒకటి చూసిందంటే, ఆ బొమ్మ ఈ బీరువాలోంచే వెళ్తుందని, ఈ సర్వర్లు చూసుకునే ధనరాజు చెప్పాడు. ఆ మాట విన్న రోజు నుంచి భాగ్యమ్మ బీరువా చుట్టూ తుడిచేటప్పుడు పసిబిడ్డ పడుకున్న మంచం కింద తుడిచినట్టు తుడుస్తుంది.

గోడవార మొదలుపెట్టి వెనక్కి నడుస్తూ తుడిచింది. మోకాళ్ళు నేలకానించి బీరువా కింద చెయ్యి చాపి తుడిచింది. ఆఖరున లేచి నడుం మీద చెయ్యి వేసుకుని, డిస్కుకొకటి చొప్పున వెలిగే దీపాలు లెక్కపెట్టింది. అక్షరం రాదు గాని లెక్క వచ్చు. ఇరవై నాలుగు, అన్నీ ఆకుపచ్చవే. ఎప్పుడైనా ఒకటి పసుపుపచ్చగా కనబడితే పై నుంచి ఎన్నో అర, ఎడమ నుంచి ఎన్నోది అని గుర్తుపెట్టుకుని ధనరాజుతో చెప్పాలి. ఆమె ఉద్యోగంలో తుడవడం తరవాత అదే పెద్ద పని. ఈరోజు లెక్కపెట్టినా చెప్పడానికేమీ లేదు. మధ్యాహ్నం వ్యాను వస్తుంది. బీరువాతో సహా అన్నీ తీసుకెళ్ళిపోతారు. ఇకమీదట కంపెనీ సరుకంతా ఎక్కడో హైదరాబాదులో అద్దె సర్వర్లలో ఉంటుందట.

అందుకే ఈరోజు ఆమె సంచిలో అన్నం డబ్బా కింద ఇంకో వస్తువు కూడా ఉంది. నీలం పట్టు పరికిణీ ముక్కలో చుట్టిన డిస్కు. చిన్న కొత్తనిబంధన పుస్తకమంత ఉంటుంది, అంత మందం కూడా ఉండదు. అందులో ఆమె కూతురు హేమ గొంతు ఉంది. ఆదివారం హేమ జ్ఞాపకార్థ కూడిక. నాలుగో ఏడు. సమాధికి పలకరాయి పెట్టించడం మొన్ననే పూర్తయింది. పాస్టరు అయ్యగారు చర్చిలో పాటలు చూపించే పెద్ద టీవీలో హేమ వీడియో వేద్దామన్నారు. బీరువా వెళ్ళిపోయేలోగా, ధనరాజు ఇక్కడ ఉండగానే, దాన్ని ఆ టీవీలో పనికొచ్చేట్టు చేయించుకోవాలి. రెండు రోజులుగా ఆమెకు అదొక్కటే ధ్యాస.

భాగ్యమ్మది నందివాడ వైపు పల్లె. పెళ్ళయ్యాక గుడివాడలో ఒక బియ్యం మిల్లులో చేరింది. భర్త ఏలీయా అక్కడే బస్తాలు మోసేవాడు. మిల్లు హోరులో పదమూడేళ్ళు పనిచేసిన చెవి ఆమెది. ఏ బెల్టు తెగబోతోందో, ఏ జల్లెడలో రాయి పడిందో, తవుడు చెరుగుతూనే తల తిప్పకుండా చెప్పేది. ఏలీయా ఒకనాడు బస్తా కింద కూలబడి మళ్ళీ లేవలేదు. ఆరేళ్ళ హేమను వెంటబెట్టుకుని బందరులో అక్క ఇంటికి వచ్చింది. అక్క పోయాక మంగినపూడి దారిలో ఆ రేకుల ఇల్లే ఆమెకు మిగిలింది.

ఈ గదిలో చేరిన కొత్తలో బీరువా నిండా తిరిగే డిస్కులు ఉండేవి. అవి సన్నగా, మిల్లు దూరంగా ఆడుతున్నట్టు మోగేవి. ఒక పొద్దున ఆ మోతలో ఏదో పలుకురాయి తగిలినట్టు వినిపించింది. మూడో అరలో ఏదో నలుగుతోందని ధనరాజుతో చెప్పింది. అతను నవ్వాడు. మధ్యాహ్నానికి ఆ అరలో డిస్కు చచ్చిపోయింది. అప్పటి నుంచి అతను ఆమెను కొన్నాళ్ళు డాక్టరమ్మగారని పిలిచి, తరవాత పిన్నీ అనడం మొదలుపెట్టాడు.

ఒక దసరాకు నగలు కొనేవాళ్ళు ఒక్కసారి ఎగబడితే సైటు కదల్లేదు. బొమ్మ రావడానికి అంతసేపు పడితే పక్క కొట్టుకు పోరా అని యజమాని శోభనాద్రిగారు తలపట్టుకున్నారు. ఆ తరవాతే ఈ ఫ్లాష్ డిస్కులు వచ్చాయి. వీటిలో తిరిగేదేమీ లేదు. అడిగీ అడగకముందే బొమ్మ అందిస్తాయి. గది ఒక్కసారిగా మూగబోయింది. వీటికి రోగం వచ్చినా చప్పుడుండదు. దీపం ఆకుపచ్చగా ఉండగానే పోయినవీ ఉన్నాయి. భాగ్యమ్మ చెవికి ఆ గదిలో ఇక పని లేకపోయింది, కళ్ళతో లెక్కపెట్టడం నేర్చుకుంది. వీటికి వేడి మాత్రం పడదు. తుఫాను వచ్చిన ఏడు రెండు రోజులు కరెంటు లేదు. జనరేటరు డిస్కులకు చాలింది గాని ఏసీలకు చాలలేదు. గిలకలదిండి నుంచి చేపల ఐసుగడ్డలు ఆటోలో తెప్పించి, తొట్లలో వేసి, ఫ్యాను పెట్టారు. మెట్ల మీదుగా ఆ గడ్డలు మోసినవాళ్ళలో భాగ్యమ్మ ఒకతె. గోనెపట్టా దాటి చలి భుజానికి దిగి, మూడు రోజులు చెయ్యి పైకి లేవలేదు.

హేమ ఇంటరు చదివి కింద అంతస్తులో ప్యాకింగులో చేరింది. చామనఛాయ, పొడుగు వేళ్ళు. ఒకరోజు గాజులు తొడుక్కుని ఫోటో దిగాల్సిన పిల్ల రాకపోతే హేమ చెయ్యి పట్టి చూశారు. చెయ్యి బాగుంది సరే, నోరు అంతకన్నా బాగుందని వారంలో తెలిసింది. ఫోను ముందు కూర్చుని నగలు చూపించి అమ్మే లైవు ఆమెకే అప్పగించారు. అక్కలూ, పిన్నులూ అని వరసలు కలిపేది. బంగారం వేసుకున్నామని చెప్పుకోండి, కవరింగు అని నేను చెప్పను లెండి అనేది. ఆమె సొంతంగా పుట్టించిన మాట ఒకటి ఉంది. ప్రతి నగకూ చివర, హారాన్ని దీపం కిందకి జరిపి, "నలుపెక్కితే నన్నడగండి" అనేది.

భాగ్యమ్మకు కావాల్సిన వీడియో ఒకటే. అది తీసిన రోజు భాగ్యమ్మ లైవు గదిలో హేమ వెనకాల తుడుస్తోంది. హేమ ఉన్నట్టుండి వెనక్కి తిరిగి ఆమె మణికట్టు పట్టుకుని ఫోను ముందుకు లాగింది. ఏలీయా పోయాక గాజు ఎరగని చేతికి, అందరూ చూస్తుండగా ఆరు గాజులు తొడిగింది. "ఇది మా అమ్మ చెయ్యండీ. తుడిచీ తుడిచీ అరిగిపోయింది. దీనికే ఇంత బాగుంటే మీకెట్టా ఉంటాయో చూసుకోండి" అంది. భాగ్యమ్మ సిగ్గుతో చచ్చిపోయి, చెయ్యి లాక్కుని, బకెట్టు తన్నుకుని పారిపోయింది. ఆ గాజులు మధ్యాహ్నానికి అమ్ముడైపోయాయట. ఇంటికి వెళ్తూ ఆటోలో కూతురిని తిట్టింది. హేమ నవ్వుతూనే ఉంది. తల్లీకూతుళ్ళు ఇద్దరూ ఒకచోట కదిలే బొమ్మ అదొక్కటే.

డెంగీ తొమ్మిది రోజుల్లో తీసుకుపోయింది. ఇరవై మూడేళ్ళ పిల్ల. ఆమె ఫోనుకు వేలిముద్ర తాళం. బస్టాండు దగ్గర ఫోన్ల కొట్టతను ఎలాగో తాళం తీశాడు గాని, తీసేసరికి లోపలంతా తుడిచిపెట్టుకుపోయింది. కంపెనీలో అయితే ఒక నగ మోడలు అమ్మకం అయిపోగానే దాని బొమ్మలూ వీడియోలూ చెరిపేయడం పద్ధతి. ఆ చెరిపే రోజు ధనరాజుకు హేమ గుర్తొచ్చింది. అరిగిపోయాయని పక్కన పడేసిన డిస్కుల్లో కాస్త ప్రాణమున్న దాన్ని వెతికి, హేమ వీడియోలు నలభై ఒకటీ అందులోకి ఎక్కించి తెచ్చి ఇచ్చాడు. ఇందులో తిరిగేదేం లేదు పిన్నీ, కింద పడినా ఏం కాదు, చెమ్మ ఒక్కటి తగలనివ్వకండి అన్నాడు. ఎప్పుడు చూడాలనిపిస్తే అప్పుడు తెమ్మన్నాడు.

మొదటి ఏడు చూసే ధైర్యం లేకపోయింది. రెండో ఏడు, సమాధి కట్టించాక అందరితో కలిసి చూద్దామనుకుంది. ఒక్కతే చూస్తే ఆ గొంతు అంతటితో అయిపోతుందేమోనన్న భయం కూడా ఉంది. పలకరాయి ఇదిగో అదిగో అంటూ మూడేళ్ళు గడిచాయి.

మంగినపూడి దారిలో ఉప్పుగాలి ఇనుమును తింటుంది, తోలును తింటుంది, పెట్టెలో మడత పెట్టిన పట్టును కూడా వదలదు. అక్కడ ఏ ఇంట్లో అడిగినా చెమ్మకు మందు ఒకటే చెప్తారు. రోళ్ళు పగిలే ఎండల్లో పెట్టెలో సామాను బయట వేసి, గలగలలాడేదాకా ఆరబెట్టి, వేపాకుతో కలిపి మళ్ళీ సర్దడం. భాగ్యమ్మ తల్లి అలాగే చేసేది, అక్కా చేసేది. మూడు వేసవులూ భాగ్యమ్మ ఆ డిస్కును చాప మీద, హేమ పట్టు పరికిణీకీ ఏలీయా బైబిలుకూ మధ్య పెట్టి, పొద్దున్నించి పొద్దుగూకేదాకా కాకి వాలకుండా కాపలా కూర్చుంది. సాయంత్రానికి దాని రేకు అట్లపెనంలా కాలేది. చెమ్మంతా పోయిందని సంతోషించి, చల్లారనిచ్చి దాచేది.

పదకొండు గంటలకు ధనరాజు చలిగదిలోకి వచ్చాడు. నలభైకి దగ్గరపడుతున్న మనిషి, పెద్ద కళ్ళజోడు, రెండు రాత్రులుగా నిద్ర లేని ముఖం. సర్వర్లు ఆపబోతూ తలుపు దగ్గర నిలబడ్డ భాగ్యమ్మను చూసి, తెచ్చారా పిన్నీ అని చెయ్యి చాపాడు. ఆమె మూట విప్పి ఇచ్చింది. పరికిణీ ముక్క మాత్రం తన దగ్గరే ఉంచుకుంది.

అతను డిస్కుకు తీగ తగిలించి ల్యాప్‌టాప్‌కు కలిపాడు. పక్క గదిలో దీపావళి లైవు నడుస్తోంది. ఇప్పుడు నగలు చూపించేది గాయత్రి. గాజుల చప్పుడూ ఆమె మాటలూ చెక్క గోడలోంచి వినిపిస్తున్నాయి.

తెర మీద పేర్లు వచ్చాయి. నలభై ఒకటీ ఉన్నాయని ధనరాజు అన్నాడు. భాగ్యమ్మ ముఖం విచ్చుకుంది. స్వెట్టరు చేతులు ముందుకు లాక్కుని దగ్గరగా వంగింది. అతను మొదటిది నొక్కాడు. తెల్లటి చక్రం తిరిగి తిరిగి ఆగిపోయింది. రెండోది నొక్కాడు. తీగ తీసి మళ్ళీ పెట్టాడు. ఇంకో తీగ తెచ్చాడు. పదో దానికీ, పదకొండో దానికీ అదే చక్రం. అతని నుదురు మీద, ఆ చలిలో, చెమట కనిపించింది.

పంతొమ్మిదోది తెరుచుకుంది. పైన రెండు వేళ్ళ వెడల్పున బొమ్మ. లైవు గది గోడ, గోడ మీద క్యాలెండరు మేకు, నడి పాపిట తీసిన నల్లటి జుట్టు. పాపిట కింద నుదురు ఉండాల్సిన చోటు నుంచి అంతా బూడిద రంగు. మనిషి గొంతుకు బదులు ఇసుక రాలినట్టు ఒక గరగర. అంతలో అదీ ఆగింది. మళ్ళీ నొక్కితే తెరుచుకోలేదు.

"పాపిట అదే" అంది భాగ్యమ్మ. "ఎప్పుడూ కాస్త పక్కకి పోద్ది దానికి."

ధనరాజు నలభై ఒకటో దాకా నొక్కుతూనే పోయాడు. ఆమె వద్దనలేదు. అన్నీ అయ్యాక కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఎక్కడ పెట్టారు పిన్నీ ఇన్నాళ్ళూ?"

"భద్రంగానే పెట్టానయ్యా. చెమ్మ తగలనివ్వొద్దన్నావు గదా. ఏటా మండుటెండలో చాప మీద ఆరబెట్టి తీశాను."

అతను కళ్ళజోడు చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు.

"ఎండ పడదా దానికి?"

"అదేం కాదు పిన్నీ. అరిగిపోయిన డిస్కు గదా. దాని ఆయుష్షు అంతే."

ఆ మాట అనేటప్పుడు అతను ఆమెను చూడలేదు. గోడ మీదున్న ఏసీని చూశాడు. భాగ్యమ్మ కూడా అటు చూసింది. రెండు ఏసీలనూ ఒకదాని తరవాత ఒకటి చూసింది. పక్క గదిలో గాయత్రి ఏదో హారం చూపిస్తోంది కాబోలు, గొలుసు బల్ల మీద జారిన చప్పుడైంది.

"వేడికి పోద్దని ఆ ఐసుగడ్డలు మోసింది నేనే గదయ్యా" అంది.

గొంతు పెరగలేదు, తగ్గలేదు. నాలుగో అరలో పసుపు దీపం వెలిగిందని చెప్పినట్టు చెప్పింది. ధనరాజు కుర్చీలోంచి లేచి నిలబడి, తప్పు తనదేనన్నాడు. ఆ డిస్కులో ఉండేవి చెక్కిన గీతలు కావని, కరెంటు బొట్లని, అప్పుడప్పుడు కరెంటు పెడితేనే నిలుస్తాయని, అరిగిన దానిలో వేడికి ఇట్టే కారిపోతాయని చెప్పాడు. ఆరోజే ఇది చెప్పి ఉండాల్సింది. కొత్త పెన్‌డ్రైవు ఒకటి కొని ఎక్కించినా ఉండేవి. ఎవరైనా పెద్ద ఊళ్ళో తీయగలరా అని ఆమె అడిగింది. కారిపోయిన బొట్టును ఎవరూ తీయలేరని అతను చెప్పాడు. ఈసారి ఆమె ముఖంలోకి చూసే చెప్పాడు.

"నలుపెక్కితే నన్నడగండి" అంది గాయత్రి గోడ అవతల. ఆ మాట ఎవరు పుట్టించారో ఆ పిల్లకు తెలియదు. కంపెనీ వాళ్ళు అందరికీ నేర్పే మాట అని అనుకుంటోంది.

భాగ్యమ్మ డిస్కును తీసుకుని, పరికిణీ ముక్కలో నాలుగు మడతలూ వెనకటి మడతల మీదే పడేట్టు చుట్టి, సంచిలో పెట్టుకుంది. వెళ్ళి అన్నం తిని రమ్మని ధనరాజు అన్నాడు. తిన్నానంది.

మూడింటికి వ్యాను వచ్చింది. ధనరాజు ఒక్కొక్క సర్వరునూ ఆపుతూ వచ్చాడు. దీపాలు అర తరవాత అర ఆరిపోయాయి. ఇరవై నాలుగు, పద్దెనిమిది, పన్నెండు. భాగ్యమ్మ తలుపు పక్కన నిలబడి మామూలుగానే లెక్కపెట్టింది. నలుగురు మనుషులు బీరువాను అడ్డంగా పడుకోబెట్టి, మెట్ల మలుపు దగ్గర తల తిప్పి, చిన్నగా, చిన్నగా అనుకుంటూ దించారు. శోభనాద్రిగారు కింద నుంచి, గోడ గీసుకుపోతుందని కేకలేశారు. ఆ తరవాత పైకి వచ్చి ఖాళీ గది చూసి, ఏసీలు విప్పే మనిషి సోమవారం వస్తాడని చెప్పి, ఇక్కడ అట్టపెట్టెలు పెట్టుకోవచ్చన్నారు. భాగ్యమ్మ ఉన్నట్టు అప్పుడే గమనించారు.

"నీకు ఇక పైన పనేముంటుంది భాగ్యమ్మా. అవసరమైతే కబురు చేస్తాంలే."

అలాగేనండి అంది. వ్యానుతో పాటు ధనరాజు కూడా వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు ఆమె దగ్గరకి వచ్చి, ఆదివారం కూడికకు తప్పకుండా వస్తానన్నాడు. రమ్మంది. పాస్టరు అయ్యగారికి ఏం చెప్పాలో మాత్రం ఆమెకు తోచలేదు. టీవీ అవసరం లేదని చెప్పాలి. ఎందుకని అడిగితే ఎండబెట్టానని చెప్పాలి.

గుడ్డ తడిపి పిండింది. బీరువా పోయిన చోట నాలుగు కాళ్ళ గుర్తులు, వాటి మధ్య తొమ్మిదేళ్ళుగా పాదం పడని తెల్లటి గచ్చు. చెయ్యి అందినంత మేర మాత్రం ఆమె తుడిచిన నేల అది. నడుమ ఒక చెయ్యి వెడల్పున దుమ్ము గట్టిపడి ఉంది. దాన్ని గోటితో గీకి, రెండుసార్లు తుడిచింది. ఏసీలు ఆపేసి గంటైంది. ఉక్క అప్పుడే కిటికీ సందుల్లోంచి లోపలికి వచ్చేసింది. స్వెట్టరు కింద వీపు తడిసింది. విప్పి మేకుకు తగిలించింది.

సంచి తీసింది. మూట విప్పి, పరికిణీ ముక్కను ఆ తెల్లటి నేల మీద పరిచి, దాని మీద డిస్కు పెట్టింది. ఏసీ రిమోటు గోడకున్న గూట్లోనే ఉంది. రాసి ఉన్నది ఏమిటో తెలియదు గాని ఎర్ర బొత్తం తెలుసు, బాణం కిందికి ఉన్న బొత్తం తెలుసు. ధనరాజు నొక్కినన్నిసార్లు నొక్కింది. ఎడమవైపు ఏసీ నోరు తెరిచింది. చల్లగాలి ముందు ముక్కుకు తగిలింది. పళ్ళకు తగిలేదాకా ఆగింది.

తలుపు దగ్గరగా వేసి, గొళ్ళెం పడిందో లేదో లాగి చూసింది. మెట్ల మీద గాయత్రి ఎదురై, రేపు త్వరగా రా పిన్నీ, లైవు గదంతా పూసలు ఒలికాయి అంది. భాగ్యమ్మ ఆ పిల్ల చేతికున్న ఆరు గాజుల వంక కాసేపు చూసి, తల ఊపి, చెప్పులు వేసుకుని సందులోకి నడిచింది. సంచిలో ఉదయం తెచ్చిన అన్నం డబ్బా మూత తీయకుండా అలాగే ఉంది. సందు మలుపు దాకా ఆమె నెత్తి మీదుగా ఏసీ బయటి పెట్టె గుర్రుమంటూ వినిపించింది. ఆ పైన మంగినపూడి ఆటోల హారన్లలో కలిసిపోయింది.

పైన, తుడిచిన తెల్ల గచ్చు మీద, నీలం పట్టు ముక్కలో ఆ డిస్కు మెల్లగా చల్లబడుతోంది.